ముదురు గదిలో గోరింటాకు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. జుట్టు నెరిశాక పలక పట్టినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట సరిగా వినవు. ఒక్క పేజీ రాయాలంటే పొద్దు వాలిపోతుంది. ఈ కథకైతే రెండు వానాకాలాలు పట్టాయి. మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగినదాన్ని గనక అక్కడ చూసినవి కొన్ని రాశాను, చూడనివి ఊహించి రాశాను. నేను ఎంత నెమ్మదిగా రాసినా మీరు గబగబా చదివేయండి. అప్పుడు తప్పులు అంతగా కంటికి ఆనవు.

*

ఎర్నమ్మ ఎడమచేత్తో తలుపు పట్టుకుని, కుడిచెయ్యి భుజం దాకా లోపలికి చాచి, వెనక అరలోంచి ట్రే లాగింది. చిన్న చిన్న సీసాలు గలగలమన్నాయి. చెయ్యి బయటికి తీసి చూసుకుంటే వేళ్ల దగ్గర గ్లౌజు పాత బెలూనులా పొడిపొడిగా రాలుతోంది. పొద్దున్న తొడుక్కున్న కొత్త గ్లౌజు అది.

"మళ్లీ సిరిగిపోనాదేటి ఒదినా?" అన్నాడు తలుపు పక్కనే స్విచ్చుల దగ్గర కూర్చున్న సింహాచలం. "ఈ గ్లౌజులు సేసినోడెవడో గానీ, పకోడీకంటే పెళుసుగా సేస్తన్నాడు."

"ఆడి సంగతి తర్వాత. ఇంకో జత ఇలాగియ్యి."

"ఇస్తాను. గోళ్లు తీసుకుని రా ముందు. దొరగారు సూస్తే నా మీద పడతారు."

ఎర్నమ్మ గోళ్లు చూసుకుంది. మొన్ననే కదా తీసుకుంది. కుడిచేతివి మళ్లీ పొడుగ్గా ఉన్నాయి. కంపెనీ భోజనం ఒంటికి పడుతున్నట్టుంది అనుకుని ఊరుకుంది.

పరవాడ దాటాక సముద్రం వైపు వెళ్లే దారిలో ఉంది ఆ పరీక్షశాల. మందులు ఎంతకాలం నిలవుంటాయో తేల్చడమే అక్కడి పని. మామూలు చోట్ల అయితే మందుల్ని వేడీ చెమ్మా నిండిన బీరువాల్లో నెలల తరబడి పెట్టి, ఇన్ని నెలలకి ఇంత చెడింది కాబట్టి అన్నేళ్లకి అంత చెడుతుందని లెక్కగట్టి సీసా మీద తేదీ వేస్తారు. ఆ పరీక్షశాల పెద్ద, పనివాళ్లు దొరగారనే వేదాచలం గారికి ఆ లెక్క నచ్చలేదు. ఆయన చాలా ఏళ్లు తల బద్దలు కొట్టుకుని ఒక ఇనుప పెట్టె తయారుచేశారు. దాన్ని నడిపిస్తే లోపల కాలమే పరుగెత్తుతుంది. ఇవాళ పొద్దున్న పెట్టిన మందు రేపు పొద్దున్నకి ఏడాది పాతబడి బయటికొస్తుంది. ఊహ అక్కర్లేదు, నిజంగానే ఏడాది గడిచిన మందు. కాగితాల మీద దానికి పెద్ద పేరేదో ఉంది. పనివాళ్లు మాత్రం ముదురు గది అన్నారు. గది అంటారు గానీ పెద్ద బీరువా కంటే ఎక్కువేం ఉండదు. ఓసారి సింహాచలం, అరపూట ఆగితే పండు తినొచ్చని, పచ్చి మామిడికాయ ఒకటి దొంగతనంగా లోపల పెట్టాడు. తీసి చూస్తే ఎండిన టెంక దొరికింది.

సామాన్లు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ గదిని ఆపేవారు. తలుపు దగ్గరి మీటరు సున్నాకి రాగానే పచ్చదీపం వెలుగుతుంది. దీపం వెలిగాకే చెయ్యి పెట్టాలి. ఎర్నమ్మ ఎన్నడూ దీపం వెలగకుండా చెయ్యి పెట్టలేదు. రెండేళ్లుగా ఆ పని ఆమెదే. చేతులు పొడుగు గనక వెనక అర దాకా అందేది.

ఆమె ఆ పనిలో చేరింది జీతం కోసమే అయినా, నిలబడిపోయింది వేరే కారణానికి. ఆమె మొగుడు రామునాయుడు జీడిపిక్కలు కాల్చే బట్టీలో పనిచేసేవాడు. షుగరు మనిషి. తుఫానుకి కరెంటు పోయి, ఊరి ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఇన్సులిన్ వెచ్చబడిపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలీలేదు. సీసాలో మందు నీళ్లలా తేటగానే ఉంది. పాలైతే విరుగుతాయి, పప్పయితే పులుస్తుంది, వాసనన్నా వస్తుంది. ఆ మందు చచ్చిపోయినా చెప్పదు. రామునాయుడు రోజూ సూది వేసుకుంటూనే పోయాడు. తరవాత కూతురు హిమజకి చిన్నప్పుడే అదే జబ్బు పట్టుకుంది.

ఇప్పుడు వేదాచలం గారూ, ఆయన దగ్గర పనిచేసే నీలవేణీ, ఎండకి చెడని ఇన్సులిన్ కోసం తంటాలు పడుతున్నారు. ఫ్రిజ్ లేకుండా, రేకుల ఇంట్లో గూట్లో పెట్టినా నాలుగేళ్లు నిలవాలి. ఎన్ని పాకాలు మార్చారో. ఒకటి ఏడాదికే మడ్డి కట్టింది. ఒకటి రెండేళ్లు బాగానే ఉండి మూడో ఏట చేవ చచ్చింది. ఒక్కో పాకం తయారవడానికే నెలలు పట్టేది. ఎండాకాలపు వేడి పట్టించిన పెట్టెలో పెట్టేదీ తీసేదీ ఎర్నమ్మే. ప్రతి ట్రే తీసినప్పుడూ నీలవేణి మొహం వైపు చూసేది. నీలవేణి తల అడ్డంగా ఊపితే ఆ పూట ఎర్నమ్మకి అన్నం సయించేది కాదు.

*

ఇంటి దగ్గర పొయ్యి పక్కన ఒక కుండ ఉండేది. కుండలో తడి ఇసక, ఇసకలో చిన్న కుండ, అందులో హిమజ మందు. ఇసక ఆరకుండా రోజుకి రెండుసార్లు నీళ్లు చిలకరించాలి. ఎర్నమ్మ పనికి వెళ్తే ఆ పని హిమజది. పదో తరగతి చదువుతున్న పిల్ల, నోరు ఎక్కువ.

"అమ్మా, నీ సెయ్యేటి నాయనమ్మ సెయ్యిలాగున్నాది?" అంది ఒక పొద్దున్న, తల్లి అన్నం పెడుతుంటే మణికట్టు పట్టుకుని తిప్పి చూస్తూ.

"సీసాలు తుడిసే స్పిరిట్టు. తోలు ఎండిపోతాది."

"ఎడమసేత్తో తుడవవేటి?"

ఎర్నమ్మ చెయ్యి లాక్కుని కూర వడ్డించింది. తనకీ తెలుసు. ఎడమచెయ్యి నలభై ఏళ్ల మనిషిది. కుడిచేతి మీద నరాలు తాళ్లలా లేచాయి, ముదురు మచ్చలు వచ్చాయి, మణికట్టు దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. రేషను డిపోలో వేలిముద్ర పడటం మానేసి చాలా రోజులైంది. పనిచేసే చెయ్యి ముందు అరుగుతుందని సరిపెట్టుకుంది.

ఆషాఢం వచ్చింది. వీధిలో ఆడపిల్లలంతా గోరింటాకు రుబ్బుతున్నారు. హిమజ రెండు చేతులా పెట్టుకుని, ముద్ద మిగిలిందని తల్లి ముందుకొచ్చింది.

"సెయ్యి సాపు."

"ఎల్లెల్లు. నాకేటే? మీ నాన్న పోయినప్పుడే ఆ ముచ్చట అయిపోనాది."

"గోరింటాకేటి సేసింది మా నాన్నని?"

"అదేటి సెయ్యనేదు. మన ఈది జనం సేస్తారు. కుళాయి కాడికి నువ్వెల్తావా రేపు?"

ఆ ముద్ద ఎండిపోయింది. రెండు రోజులు పోయాక, వానలు ముఖం చాటేసిన ఎండల్లో, హిమజ ఇసకకి నీళ్లు పొయ్యడం మరిచిపోయింది. ఒక్క పూటే. ఆ సీసా తేటగానే ఉంది, పిల్ల సూది వేసుకుంటూనే ఉంది. మూడోనాడు బళ్లో పడిపోయింది.

ఎర్నమ్మ వారం రోజులు అనకాపల్లి ఆసుపత్రిలో ఉండిపోయింది. పిల్ల తేరుకుంది. మొదటిసారి కళ్లు తెరిచి, "నీళ్లు పోసీనానే అనుకున్నానమ్మా," అంది. ఎర్నమ్మ దాని నుదురు తుడిచి, "నువ్వు మరిసిపోయినా బతికీ మందు రావాల. వస్తాది," అంది. ఓదార్పు కోసం అన్నమాట కాదది. కొత్త పాకం ఆ వారమే ముదురు గదిలోకి వెళ్లాల్సి ఉంది.

*

ఆ వారం ముదురు గదిలో ట్రేలు పెట్టిందీ తీసిందీ నీలవేణి. చోడవరం పిల్ల. మాఘమాసంలో పెళ్లయింది, ఆషాఢానికి పుట్టింటికొచ్చి అక్కడినుంచే బస్సులో డ్యూటీకి వస్తోంది. వాళ్లమ్మ రెండు చేతులా, గోళ్లు మునిగిపోయేలా గోరింటాకు పెట్టి పంపింది. గ్లౌజుల కింద ఎర్రగా పండిన చేతులతోనే వారమంతా పని చేసింది.

ఎర్నమ్మ తిరిగొచ్చిన పొద్దున్న నలుగురూ టీలు తాగుతున్నారు. నీలవేణి రెండు చేతులతో గ్లాసు పట్టుకుని హిమజ ఎలా ఉందని అడుగుతోంది. సింహాచలం ఆ చేతుల వైపు చూసి నవ్వాడు.

"మీ అమ్మగారు పిసినారోరమ్మా. ఓ సేతికే పెట్టినారేటి?"

"రెండిటికీ పెట్టిందే." అంటూ నీలవేణి చేతులు చాపింది.

ఎడమచేతి గోళ్లు మొదలు దాకా నిండుగా ఎర్రగా ఉన్నాయి. కుడిచేతి గోళ్ల మీద ఎరుపు పైకి జరిగిపోయింది. కింద అంతా తెల్లగా కొత్త గోరు, చివర మాత్రం సన్నటి ఎర్ర అంచు.

గోటి మీద గోరింటాకు చెరిగేది కాదు. గోరు పెరిగితేనే అది పైకి జరుగుతుంది. అలా చివరి దాకా రావాలంటే దీపావళి దాటాలి. ఇంకా ఆషాఢమే వెళ్లలేదు.

నీలవేణి గ్లాసు కింద పెట్టి ఎర్నమ్మ కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. తిప్పి చూసింది. ఎడమచెయ్యి పక్కన పెట్టి చూసింది.

"అప్పా," అంది, సొంత అక్కని పిలిచినట్టు. "నీకు గోరింటాకు లేదు. ఉండి ఉంటే రెండేళ్ల కిందటే తెలిసేది."

వేదాచలం గారు కుర్చీలోంచి లేవలేదు. కూర్చునే చెప్పారు. "ఫ్యాను స్విచ్చి కట్టేస్తే రెక్కలు వెంటనే ఆగవు కదా ఎర్నమ్మా. ఇదీ అంతే. తలుపు దగ్గర ఆగిపోతుంది. వెనక అర దగ్గర ఇంకా తిరుగుతూనే ఉంది. నేను మీటరు తలుపు దగ్గరే పెట్టాను."

"అంటే నా సెయ్యి…"

"రోజూ నువ్వు లోపల పెట్టిన కాసేపూ నీ చేతికి రోజులు గడిచాయి. రెండేళ్లలో మీ చేతికి…" ఆయన లెక్క చెప్పలేకపోయారు. నువ్వు అనాలో మీరు అనాలో కూడా మరిచిపోయారు.

"పాతికేళ్లు," అంది నీలవేణి నెమ్మదిగా.

ఎర్నమ్మ కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చూసింది. హిమజ అన్నది నిజమే. అత్త చెయ్యిలాగే ఉంది.

"ఎనక్కి ఇయ్యగలరా బాబూ?"

"లేదు."

"గ్లౌజులు సిరిగిపోతన్నాయని నాను ఎన్నిసార్లు సెప్పినాను?"

"చెప్పారు. గ్లౌజులు మార్చాను. ఎందుకు చిరుగుతున్నాయో చూడలేదు." ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సింహాచలం, గది ఆపెయ్యి. ఇంక ఎవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు. ఇనుప చెయ్యి బిగించేదాకా దీన్ని తెరవం."

"అదెన్నాళ్లు పడతాది?" అంది ఎర్నమ్మ.

"ఏడాది. ఎక్కువే పట్టొచ్చు."

"లోపల ట్రే ఉన్నాది."

ఉంది. వెనక అరలో, నాలుగో ఏడు నడుస్తూ. మర్నాడు పొద్దున్నకి ఆ ఏడు నిండుతుంది. అప్పుడు తియ్యకపోతే, గదిని ఆపినా వెనక అరలో కాలం ఎంత తిరుగుతుందో తెలియదు కాబట్టి, ఆ సీసాల వయసు చెప్పగలవాళ్లు ఉండరు. పరీక్ష పాడవుతుంది. పాకం మొదటినుంచి మొదలుపెట్టాలి.

"ఇంకో ఏడాది," అంది ఎర్నమ్మ. "ఇంకో ఎండాకాలం. నా పిల్ల ఇంకోసారి కుండకి నీళ్లు మరిసిపోతే? నా పిల్లే కాదు, ఏ పిల్లయినా. ఆపొద్దు బాబూ. రేపు ట్రే నాను తీస్తాను."

"ఎర్నమ్మా, నేను ఒప్పుకోను. వెనక ఎంత వేగం ఉందో నాకే తెలీదు."

"మీరు ఒప్పుకునీదేటి? రెండేళ్లు ఎవులూ నన్నడక్కుండా నా సెయ్యి తీసుకున్నారు. పోనాది. అది రాదు. పోయినదానికి పనైనా పూర్తవ్వాల. మధ్యలో ఒగ్గీస్తే నా సెయ్యి ఉత్తినే పోయినట్టు."

ఆమె గొంతు పెంచలేదు. అలా మాట్లాడితే ఎదురు చెప్పడం కష్టం.

"నేను తీస్తాను," అంది నీలవేణి.

"నీ సెయ్యి సిన్నది. దాసుకో. ఎనక అర నీకు అందీ అందనట్టు, ట్రే కింద పడీగలవు."

నీలవేణి తల వంచుకుని ఆలోచించింది. తరవాత తడబడుతూ అంది. "అయితే ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు అప్పా. నువ్వు చెయ్యి పెట్టడం ఖాయమైతే, అక్కడ ఎంత కాలం గడుస్తోందో ఈ ఒక్కసారే కొలవగలం. మీటరు అక్కడ పనిచెయ్యదు. గోరు పనిచేస్తుంది. అందుకని…" మాట అక్కడ ఆగిపోయింది.

"అందుకని నానీవేళ గోరింటాకు పెట్టుకోవాల," అంది ఎర్నమ్మ.

"పెట్టుకోకూడదంటారని తెలుసు. మా ఇళ్లలోనూ అంతే."

సింహాచలం గొంతు సవరించుకున్నాడు. "ఒక్క ఒదినకే ఎందుకు? నానూ పెట్టుకుంటాను. తలుపు కాడ ఉండీది నానే కదా. నాకేటవుతాందో నాకూ తెలియాల." వేదాచలం గారివైపు చూశాడు. "దొరగారు కూడా."

*

ఆ సాయంత్రం ఎండ ఇంకా వాలకముందే ఎర్నమ్మ వీధిలోంచి గోరింటాకు కొమ్మ విరిచి తెచ్చింది. అందరూ చూస్తుండగానే విరిచింది. కుళాయి దగ్గర ఎవరో, "కూతురికేటి?" అని అడిగారు.

"నాకే," అంది ఎర్నమ్మ, బిందె నడుమున పెట్టుకుంటూ.

వెనక గుసగుసలు మొదలయ్యాయి. మొగుడు పోయి ఇన్నేళ్లకి దీనికేం పుట్టిందన్నారు. ఆమె తిరిగి చూడలేదు.

హిమజ ఇంకా నీరసంగానే ఉంది. అయినా రోలు దగ్గర తనే కూర్చుంది. చింతపండు కొంచెం, తమలపాకు తొడిమ ఒకటి వేసి మెత్తగా రుబ్బింది. సంగతంతా తల్లి చెబుతుంటే రోలు ఆపి విన్నది.

"నా మందు కోసమేనా?"

"నీ మందు కోసం. ఎవుల మందైనా ఒకటే."

"అయితే నాకొద్దు ఆ మందు."

"నీకొద్దంటే అయిపోద్దేటి? నువ్వు సెయ్యి పట్టుకుని సూసినరోజే నాను ఆగి సూసుంటే బాగున్ను. సూడనేదు. ఇప్పుడు కళ్లు తెరుసుకునే ఎల్తన్నాను. ఏడకు, ముద్ద పలసనైపోతాది."

హిమజ నవ్వలేదు గానీ ఏడుపు ఆపింది. ముందు ఎడమచేతి గోళ్లకి పెట్టింది. తరవాత కుడిచెయ్యి ఒళ్లోకి తీసుకుంది. ముడతల మధ్య వేలు జారకుండా, ఒక్కో గోరూ నిండేలా, చంటిపిల్లకి కాటుక పెట్టినంత జాగ్రత్తగా పెట్టింది. ఎప్పుడో పెళ్లినాడు పెట్టించుకున్న చల్లదనం ఎర్నమ్మ వేళ్లకి గుర్తొచ్చింది. ముసలి చేతికి బాగా పండింది.

*

పొద్దున్న పచ్చదీపం వెలిగింది. దాన్ని ఇప్పుడెవరూ నమ్మలేదు. సింహాచలం తలుపు పట్టుకున్నాడు. అతని బొటనవేళ్లూ చూపుడువేళ్లూ ఎర్రగా ఉన్నాయి. వేదాచలం గారు పదివేళ్లకీ పెట్టుకొచ్చారు. ఆయన భార్య నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకుందట.

ఎర్నమ్మ గ్లౌజు వేసుకోలేదు. చెయ్యి చాచింది. మోచేతి దాకా ఏమీ లేదు. మోచెయ్యి దాటాక ఎప్పటిలాగే తిమ్మిరి మొదలైంది. రెండేళ్లుగా పట్టించుకోని తిమ్మిరి అది. ఇప్పుడు దాని అర్థం తెలుసు. రోజులు వేళ్లసందుల్లోంచి పోతున్నాయి. తొందరపడితే ట్రే ఒరుగుతుంది. ఆమె తొందరపడలేదు. అంచు దొరికింది. పట్టు బిగించి, నీళ్ల బిందె దించినట్టు నిదానంగా లాగి, నీలవేణి చేతుల్లో పెట్టింది.

సింహాచలం తలుపు మూశాడు. అందరూ ట్రే వైపు కాకుండా ఎర్నమ్మ చేతివైపు చూశారు. కుడిచేతి గోళ్ల మొదట్లో నూకగింజంత తెల్లటి వంపు కనిపించింది. నీలవేణి ఆ వంపుని కొలిచింది. వేదాచలం గారు చూపుడువేలు కొలుచుకుంటే అక్కడేమీ లేదు. సింహాచలానికి వెంట్రుకవాసి జరిగింది.

"తలుపు కాడ కూడా తిరుగుతాందన్నమాట," అన్నాడు సింహాచలం, మొదటిసారి నవ్వకుండా.

"ఎంత తిరుగుతోందో ఇప్పుడు తెలిసింది," అన్నారు వేదాచలం గారు. "ఎంతసేపు ఆగితే ఆగిపోతుందో ఇక లెక్క కట్టొచ్చు."

ఆ మధ్యాహ్నం నీలవేణి సీసాలు పరీక్ష చేసి లోపలినుంచి వచ్చింది. ఎర్నమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. నీలవేణి తల అడ్డంగా ఊపలేదు. వచ్చి పక్కన కూలబడి ఆ ముసలి చెయ్యి పట్టుకుంది.

"నిన్న తయారుచేసినట్టుంది అప్పా. నాలుగేళ్ల మందు."

"ఎండలో పెట్టినా?"

"ఎండలో పెట్టినా."

ఎర్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే ఓ ముద్ద అన్నం పెట్టించమ్మా. నిన్నటినుంచీ తిననేదు," అంది.

*

మళ్లీ ఆషాఢం వచ్చేసరికి ముదురు గదికి ఇనుప చెయ్యి బిగించారు. వెనక అరలో కొత్తరకం మీటరు కూడా పెట్టారు. అయినా గోరింటాకు మానలేదు. ఆ గది దగ్గర పనిచేసేవాళ్లు ఆడైనా మగైనా, పెళ్లయినా కాకపోయినా, మొగుడున్నా లేకపోయినా, పదిగోళ్లకీ గోరింటాకు పెట్టుకునే రావాలి. వారానికోసారి నీలవేణి అందరి గోళ్లూ చూస్తుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు సిగ్గుపడితే సింహాచలం తన చేతులు చూపించి, "నాకు పిల్లనిచ్చినోళ్లే ఊరుకున్నారు, నీకేటి?" అంటాడు.

ఎర్నమ్మ చేతికి పోయిన ఏళ్లు తిరిగి రాలేదు. వాన పట్టిందంటే వేళ్లు బిగుసుకుంటాయి. రేషను డిపోలో వేలిముద్రకి బదులు కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటుంది. ట్రేలు ముట్టుకోదు. కొత్తవాళ్లకి పని నేర్పుతుంది, గ్లౌజు చిరిగిందని ఎవరైనా అంటే పని ఆపించేస్తుంది. వేదాచలం గారైనా సరే, ఎందుకు చిరిగిందో చెప్పేదాకా ఆగాల్సిందే.

హిమజ మందు ఇప్పుడు కిటికీ గూట్లో, దువ్వెన పక్కన ఉంటుంది. మధ్యాహ్నం ఎండ సూటిగా దానిమీదే పడుతుంది. ఇసక కుండతో పని లేకపోయింది. పారేద్దామంటే ఎర్నమ్మ ఒప్పుకోలేదు. అందులో మట్టి పోసి గోరింటాకు కొమ్మ గుచ్చింది. వీధిలో ఇప్పుడు కుళాయి దగ్గరికి వచ్చినవాళ్లు ఆ కుండలోంచే ఆకు కోసుకెళ్తారు. పోయినేడు గుసగుసలాడినవాళ్లు కూడా.

రోజుకి రెండుసార్లు దానికి నీళ్లు పొయ్యడం మాత్రం హిమజ మరిచిపోదు.

*

బొద్దపు సన్యాసమ్మ
వయసు అరవై ఎనిమిది
ఇప్పుడు మా చెల్లెలి దగ్గర తగరపువలసలో ఉంటున్నాను